వాక్యం నిలబడితే చాలు

చదువు చెప్పినవారికి పాపం అంటదని లోకం నమ్మకం. కత్తి అమ్మినవాడిని ఎవరికి అమ్మావని అడుగుతారు. మందు ఇచ్చినవాడిని ఎంత మోతాదు ఇచ్చావని అడుగుతారు. మాట నేర్పినవారిని, ఆ మాట ఎక్కడికి వెళ్ళి ఎవరి మీద పడిందని అడిగేవారు లేరు. ఇంగ్లీషు నేర్పేవారి విషయంలో ఈ నమ్మకం మరింత గట్టిది. అది తిండి పెట్టే భాష గనుక, దాన్ని పంచడం అన్నం వడ్డించడంతో సమానమని తలుస్తారు. వడ్డించిన చేతిని తప్పుపట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఒక అద్దె భవనం పై అంతస్తులో, రెండు గదుల వాటాలో ఉండే ఒక టీచరు కూడా చాలాకాలం అలాగే నమ్మింది. ఆమె బడికి గోడలు లేవు. వంటగదికీ ముందు గదికీ మధ్య మిగిలిన మూలలో ఒక బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, ముఖం మీద వెలుగు పడేలా ఒక దీపం, వెనక గోడకు బిగించి కట్టిన నీలం గుడ్డ. ఆ గుడ్డకు జానెడు అవతల గిన్నెల స్టాండు, ఆరని బట్టల తాడు. కెమెరా చూసే మేర ఇల్లు తీరుగా ఉండేది. చూడని మేర ఇల్లు ఇల్లులా ఉండేది. ఆమె వేషమూ అంతే. నడుము పైన ఇస్త్రీ, నడుము కింద నలిగిన పాత బట్ట.

ఎక్కడెక్కడి మనుషులో వీడియో కాల్‌లో ఆమె ముందుకు వచ్చేవారు. మామూలు నవ్వు తెర మీద నవ్వులా కనబడదు గనుక ఆమె కాస్త ఎక్కువ నవ్వేది. చెయ్యి చెవి వెనక పెడితే గట్టిగా చెప్పమని. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపితే, జరిగిపోయిన సంగతిగా మార్చి చెప్పమని. పాఠం ముగిశాక నేర్చుకునేవారు ఇచ్చే నక్షత్రాలను బట్టి ఈ పాఠాలు నడిపే కంపెనీ ఆమెకు మరునాటి పాఠాలు కేటాయించేది. భర్త ఉన్నన్నాళ్ళు ఆమె మామూలు బడిలోనే పనిచేసింది. ఆయన పోయి, అదే ఏడు అత్తగారికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయాక, గడప దాటకుండా చేయగలిగిన పని ఇదొక్కటే దొరికింది.

అత్తగారి మంచం లోపలి గదిలో ఉండేది. ఆవిడకు కాలూ చెయ్యీ పడిపోయాయి గాని నోరు పడిపోలేదు.

“ఏమే, ఇవాళ ఎంతమందికి చూపించావు పళ్ళు?”

“వచ్చినవాళ్ళందరికీ, అత్తయ్యా.”

“పళ్ళ డాక్టరు దగ్గర కూడా అంతసేపు నోరు తెరవరు. తీరా నా దగ్గరికొచ్చేసరికి మూతి ముడుచుకుపోతుంది.”

“మీరు నక్షత్రాలు ఇవ్వరుగా మరి.”

“ఇస్తే ఒకటి ఇద్దును. అదీ నా కొడుకు మొహం చూసి.”

నీళ్ళు కావలసినా, పక్కకు తిప్పి పడుకోబెట్టవలసినా, ఊరికే తోచకపోయినా, ఆవిడ బాగున్న చేత్తో చెంచా తీసుకొని స్టీలు గ్లాసు మీద కొట్టేది. పాఠం మధ్యలో కుర్చీ వదలకూడదన్నది కంపెనీ నియమం. గ్లాసు మోగితే కోడలు మైకు కట్టేసి, నవ్వు చెదరనివ్వకుండా, ఆ చప్పుడు ఆగేదాకా వేచి చూసేది. చప్పుడు ఆగేది. ఆగని చప్పుడంటూ ఉండదని ఆమె అనుభవం.

కంపెనీ నియమాలు కాక ఆమెకు సొంతంగా ఒక నియమం ఉండేది. అది జాలిలో పుట్టింది. కొత్తగా చేరినవాడొకణ్ణి ఆమె ఒకసారి, నీకు అన్నదమ్ములెందరని అడిగింది. అందరినీ మొదట అడిగే ప్రశ్నే. అతను నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కొంతసేపటికి తెలిసింది, అంతకు కొద్దికాలం ముందే అతని తమ్ముడు పోయాడు. వాణ్ణి కలిపి చెప్పాలా, తీసేసి చెప్పాలా అని అతను తేల్చుకోలేకపోతున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి కొత్తవారికీ ఆమె ముందే చెప్పేది: ఇక్కడ నిజం చెప్పనక్కర్లేదు, ఏది నోటికి తేలికో అది చెప్పండి, వాక్యం నిలబడితే చాలు. ఈ మాటతో వారి భుజాలు సడలడం తెర మీద కూడా కనబడేది. ఆమెకు నక్షత్రాలు తెచ్చిపెట్టినది ఈ నియమమే.

తార్కికులు ఆప్తుడి మాటను ప్రమాణంగా అంగీకరించారు. చూసింది చూసినట్టు చెప్పేవాడు ఆప్తుడు. చూడనిది చూసినట్టు, ఆప్తుడి గొంతుతో చెప్పడం ఒకరికొకరు నేర్పుకోవచ్చునన్నది వారి లెక్కలోకి ఎంతవరకు వచ్చిందో గాని, టీచరు లెక్కలోకి మాత్రం రాలేదు.

ఆమె దగ్గర నేర్చుకునేవారిలో ఒకామె టీచరు సొంత భాషదే. ఇల్లు వదిలి, పరాయి దేశంలో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేస్తోంది. మంచాన ఉన్నవారు గంట మీట నొక్కితే వెళ్ళి చూడడం ఆమె పని. మధ్యాహ్నం ఖాళీలో పాఠానికి వచ్చేది గనుక అత్తగారు ఆమెకు మధ్యాహ్నప్పిల్ల అని పేరు పెట్టింది. ముప్ఫై దాటిన మనిషి, అయినా పిల్లే. పలకరింపులు సొంత భాషలో, పాఠం ఇంగ్లీషులో అన్నది ఇద్దరి ఒప్పందం. పలకరింపులే పాఠాన్ని తినేసే రోజులు ఉండేవి. ఆమె వెనక ఇరుకు గది, ఒకదాని మీద ఒకటి వేసిన ఇనుప మంచాలు, మేకుకు వేలాడే యూనిఫాం, ఎండ ఎప్పుడూ చేరని కిటికీ కనిపించేవి.

ఒక రోజు ఆ గదిలోకి ఒక పెద్ద వయసు స్త్రీ వచ్చి మధ్యాహ్నప్పిల్ల మోచేతి పక్కన టీ కప్పు పెట్టింది.

“అక్కా, ఈవిడ మా మూగమ్మ, నాలాగే ఆయా. మూగది కాదులే. ఈవిడ భాష ఇక్కడ ఒక్కళ్ళకీ రాదు, ఎవళ్ళ భాషా ఈవిడకి రాదు. మేనేజరు పిలిస్తే చాలు, వణికి చస్తుంది. ఏదో ఒక్క ముక్క నేర్పు, పుణ్యముంటుంది.”

టీచరు ఆలోచించి ఒక చిన్న వాక్యం ఎంచింది. “యెస్, ఐ అండర్‌స్టాండ్.” అవును, నాకు అర్థమైంది. అరిచేవాడి నోరు మూయించడానికి అంతకన్నా పనికొచ్చే మాట లేదని అనుభవం మీద ఆమెకు తెలుసు. మూగమ్మ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని, ఒక్కో ముక్కా నాలుక మీద తూచి చూసుకుంటున్నట్టు, చాలాసార్లు చెప్పింది. వచ్చేసింది. సంతోషం పట్టలేక తెర మీది టీచరు చెంపను వేలితో తాకింది.

“చూశావా అక్కా, నాకంటే తొందరగా పట్టేసింది. ఇంక నా ఉద్యోగం ఊడినట్టే!” అని మధ్యాహ్నప్పిల్ల నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పాఠ్యక్రమంలో ‘పనిలో ఒక చెడ్డ రోజు’ అనే అంశం వచ్చింది. మధ్యాహ్నప్పిల్ల ఆ రోజు పలకరింపులు లేకుండానే మొదలుపెట్టింది. ఆమె ఇంగ్లీషు మన మాటలో ఇలా ఉండేది: “గంట మోగు. మోగు, మోగు. రోజూ మోగు. నేను తీగ లాగు. కిందికి పో, అందరికీ అన్నం పెట్టు. పైకి వచ్చు. తాత మంచం కడ్డీ, మెడ. తాత చచ్చు.”

టీచరు బొటనవేలు అలవాటుగా భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది.

మధ్యాహ్నప్పిల్ల ఆ వేలి వంక చూసి, ఊపిరి తీసుకొని, సరిచేసి చెప్పింది: “గంట మోగింది. నేను తీగ లాగేశాను. తాత చచ్చిపోయాడు.”

“వెరీ గుడ్,” అంది టీచరు. చచ్చిపోవడానికి మరికొంత మర్యాదైన మాట ఉందని చెప్పి, దాన్ని పలికించింది. మొత్తం ఇంకోసారి చెప్పమంది. రెండోసారి తప్పులు లేవు.

ఇది నిజంగా జరిగిందా అని ఆమెకు అప్పుడు తట్టింది. అడిగేలోపే మధ్యాహ్నప్పిల్ల సొంత భాషలోకి దిగింది. “ఊరికే, పాఠం కోసం చెప్పానక్కా. నువ్వేగా అంటావు, నిజం కానక్కర్లేదని.”

“అవునులే,” అంది టీచరు.

మరుసటి వారం మధ్యాహ్నప్పిల్ల తనకొక సాయం కావాలంది. ఆశ్రమంలో ఒక పెద్దాయన పోయాడు, కొన్ని వారాల్లో విచారణకు అధికారులు వస్తున్నారు, ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. ఆమె చెప్పదలచిన సంగతి ఇది: నేను గంట పరీక్షించాను, అది పనిచేస్తోంది, తర్వాత కిందికి వెళ్ళాను, నేను వెళ్ళాక ఆ అంతస్తులో ఉన్నది ఇంకో ఆయా.

ఇక్కడ టీచరుకు రెండు దారులున్నాయి. పోయిన వారం నువ్వు ఇంకోలా చెప్పావే అని అడగవచ్చు. ఆమె అడగలేదు. తెలియకపోవడం కూడా ఒక పనే. ఆమె దాన్ని శ్రద్ధగా చేసింది. ఆ వారాలన్నీ వాక్యాలే చూసింది. చూడడమే కాదు, తనకున్న విద్యంతా పెట్టింది. అధికారుల వేషం తానే వేసి ప్రశ్నలు గుప్పించింది. జవాబు గబగబా వస్తే బట్టీ పట్టినట్టుంటుందని చెప్పింది. నిజం చెప్పేవాళ్ళు మధ్యలో ఆగుతారు, ఒకటి మరచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళి చెబుతారు, కళ్ళు పక్కకు తిప్పి గుర్తు చేసుకుంటారు. ‘గంట’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగమంది. మధ్యాహ్నప్పిల్ల ఆగింది. అంత అందంగా ఆమె ఎన్నడూ ఇంగ్లీషు మాట్లాడలేదు.

విచారణ అయిన మరునాడు కాల్ వచ్చింది. ఇంగ్లీషు ఊసే లేదు.

“గట్టెక్కానక్కా! నేను చెప్తుంటే విచారణకొచ్చిన పెద్దావిడ తల ఊపుతూ రాసుకుంది. మంచినీళ్ళు ఇమ్మంటారా అని కూడా అడిగింది. నువ్వు చెప్పినచోటల్లా ఆగాను.”

“మరి ఆ ఇంకో ఆయా?”

“మూగమ్మే కదా.” గొంతు కొంచెం తగ్గింది. “దుబాసీని పెట్టాలిట, దొరకలేదుట. ఇంగ్లీషు వచ్చా అని అడిగారు. నువ్వు నేర్పావు చూడు, ఆ ముక్క చెప్పింది. ఆ అంతస్తు నీదేనా అంటే అదే చెప్పింది. గంట తీగ తీసింది నువ్వేనా అంటే అదే చెప్పింది. ఆయన్ని అలా వదిలేశావా అంటే, అప్పుడూ అదే. నవ్వుతూ చెప్పిందక్కా, పిచ్చి మొహం.” ఆమె నవ్వబోయింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. “వచ్చే వారం పోలీసులకి అప్పచెప్తారుట.”

టీచరు నవ్వు, పాఠం కోసం పెట్టుకున్నది, ముఖం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసెయ్యడానికి ఆమెకు కొంత సమయం పట్టింది.

“ఆ తీగ లాగింది నువ్వు.”

“పాఠంలో అన్నాను.”

“అమ్మాయ్.”

“అందరూ లాగుతారక్కా! రోజంతా నొక్కుతూనే ఉంటాడు. వెళ్తే ఏమీ ఉండదు, ఇప్పుడు టైమెంతైందీ అంటాడు. నా పూటలో రెండు అంతస్తులకీ నేనొక్కదాన్ని, మూగమ్మది తర్వాత పూట. మనుషుల్ని పెట్టమంటే వాళ్ళు పెట్టరు. నేను జైలుకి పోతే మా ఇంట్లో పొయ్యి వెలిగేదెలా, నువ్వు వెలిగిస్తావా?”

“మూగమ్మకి ఇల్లు లేదా?”

మధ్యాహ్నప్పిల్ల తెరకు దగ్గరగా జరిగింది. తర్వాత వచ్చిన మాట చాలా మెల్లగా వచ్చింది.

“నువ్వు నాకు నీతులు చెప్పకక్కా. మీ ఇంట్లో గ్లాసు మోగితే నాకు వినిపించదనుకున్నావా? నువ్వు మైకు కట్టేసేలోపే వినిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి లేచి వెళ్ళావా? నీదీ నాదీ ఒకటే పని. నీ ముసల్ది బతికుంది, నా ముసలాయన పోయాడు. అంతే తేడా.”

తెర నల్లబడింది. నల్లని తెరలో టీచరు ముఖం, వెనక నీలం గుడ్డ కనిపించాయి.  నింద వేసినవారు దోషులైనంత మాత్రాన నింద అబద్ధమైపోదు.

ఆ సాయంత్రం అత్తగారికి అన్నం కలిపి తినిపిస్తూ, ఆమె సంగతంతా చెప్పింది. వృద్ధురాలు మధ్యలో అడ్డుపడకుండా విన్నది, అది అరుదు.

“గంట కొడుతూనే ఉన్నాడా ఆయన?”

“తీగ పీకేసిందిట, అత్తయ్యా. మోగదు.”

“మోగదని నీకు తెలుసు, దానికి తెలుసు. ఆయనకేం తెలుసు? నొక్కుతూనే ఉండుంటాడు.” ఆవిడ ముద్ద మింగింది. “నేనూ అంతే. నీకు వినబడిందో లేదో ఇక్కణ్ణించి ఏం తెలుస్తుంది? వినబడిందిలే, వస్తుందిలే అనుకుని కొడుతూ ఉంటాను.”

“వినబడుతుంది, అత్తయ్యా. ప్రతిసారీ.”

ఇది చెప్పకుండా ఉండగలిగేది. చెప్పింది. అత్తగారు గోడ వైపు తల తిప్పుకుని, “నీళ్ళివ్వు,” అంది.

చాలాసేపటి తర్వాత, ముఖం ఇటు తిప్పకుండానే అడిగింది: “చెప్తే ఆ మధ్యాహ్నప్పిల్ల ఏమవుతుంది?”

“మూగమ్మకి ఏమవబోతోందో అదే అవుతుంది.”

“చెప్పకపోతే?”

“మూగమ్మ నేను నేర్పిన మాట చెబుతూనే ఉంటుంది.”

“మరి నన్నెందుకు అడుగుతావు? నేను చెప్పానని చెప్పుకోడానికా? ఆ భాగ్యం నీకివ్వను. దీపం తీసెయ్.”

విచారణ జరిపే కార్యాలయం చిరునామా వెతికి ఆమె రాసింది. రెండు రోజులకు వారే వీడియో కాల్‌కు సమయం ఇచ్చారు. ఆమె దీపం వేయలేదు, నీలం గుడ్డ విప్పేసింది. వెనక గిన్నెలు, తాడు మీద బట్టలు కనబడుతున్నాయి. అవతల ఒక పెద్దావిడ ఉంది, ముఖాన మర్యాదైన చిరునవ్వు. అది తెర కోసం కొలిచి పెట్టుకున్న నవ్వని టీచరు వెంటనే గుర్తుపట్టింది.

చెప్పవలసింది చెప్పింది. ‘చెడ్డ రోజు’ పాఠంలో విన్నది, తర్వాత తాను తీర్చిదిద్దినది, మూగమ్మకు వచ్చిన ఒకే ఒక్క వాక్యం ఎవరిచ్చారన్నది. చెబుతుండగా తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ‘గంట’ అన్న మాట దగ్గర ఆగింది. గుర్తు రాక నిజంగానే ఆగింది. అయినా ఆ ఆగడం తాను వారాల తరబడి ఇంకొకరికి నేర్పిన ఆగడంలాగే ఉంది. ఒకటి మరచి మళ్ళీ వెనక్కి వెళ్ళి చెప్పింది, అదీ నేర్పిందే. నిజానికి వేరే ఆనవాలు ఏదీ ఆమె దగ్గర మిగలలేదు. దొంగ నాణెం చేసేవాడు తన జేబులోని మంచి నాణేన్ని కూడా కొరికి చూసుకోవలసి వస్తుంది.

పెద్దావిడ రాసుకుంటూ తల ఊపింది. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. కాల్‌లో అడిగి లాభం లేదు. చివరికి ఒకటే అడిగింది.

“ఆమె మొదటిసారి ఈ సంగతి మీకు చెప్పినప్పుడు మీరు ఏం చేశారు?”

“ఆమె ఇంగ్లీషు దిద్దాను,” అంది టీచరు.

లోపలి గదిలో గ్లాసు మోగింది. ఆమె ఒక్క నిమిషమని చెప్పి, మైకు కట్టెయ్యకుండానే లేచి లోపలికి వెళ్ళింది.

మూగమ్మ మీద కేసు పెట్టలేదు. ఆశ్రమం ఆమెను పనిలో ఉంచుకోనూ లేదు. వచ్చిన చోటికి పంపేశారు. ఏం జరిగిందో ఎవరైనా ఆమె భాషలో ఆమెకు చెప్పారో లేదో తెలియదు. మధ్యాహ్నప్పిల్ల కేసులో ఉంది. రెండు అంతస్తులకు పూటకొక్క ఆయాను పెట్టినవారిని ఎవరూ ఏమీ అడగలేదు. నేర్చుకునేవారి మాటలు బయటపెట్టిందని కంపెనీ టీచరును తొలగించింది. ఆ కారణంలో అబద్ధం లేదు.

ఆమె ఎంచుకున్నది ఇది: అడిగితే చెప్పవచ్చునని ఆగకుండా, అడగకముందే వెళ్ళి చెప్పింది, తన మాట వల్ల ఒకరు బయటపడి ఇంకొకరు లోపలికి పోతారని తెలిసే చెప్పింది. ఇప్పుడు ఏ కంపెనీ లేకుండా, తెలిసినవారు పంపగా వచ్చే కొద్దిమందికి ఇంగ్లీషు చెబుతోంది. విచారణలకు, సాక్ష్యాలకు ఎవరినీ తయారు చేయదు. బల్ల తీసుకువెళ్ళి అత్తగారి మంచం పక్కన వేసుకుంది. కొత్తగా వచ్చినవారికి మొదటి రోజు తన పాత నియమం చెప్పడం మానేసింది. దాని బదులు వారికి ‘నాకు అర్థం కాలేదు, నా భాష తెలిసినవారిని పిలవండి’ అనడం నేర్పుతుంది. అది వచ్చేదాకా ఇంకేదీ మొదలుపెట్టదు. ఇది విసుగని కొందరు రెండో రోజు రావడం మానేస్తారు. వారిని ఆమె వెనక్కి పిలవదు.